రైలు కట్ట మీది కంకర, నా కంప్యూటర్ లోపల: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2

ఈ రోజు మొదలుపెట్టాను. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెను స్లీపరు అంటారు. దాని కింద ఉండే కంకర, బండి బరువు పడ్డప్పుడు లోపల ఏం చేస్తుందో కంప్యూటర్‌లో రాయి రాయిగా లెక్కకట్టి చూడాలి. అదీ పని.

మాది గూడూరు. నాన్న రైల్వేలో ట్రాక్ బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, గ్యాంగ్‌కు పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యారు. నేను చెన్నైలో పెరంబూరులో ఉంటూ, అంబత్తూరులో ఒక కంపెనీలో వాహనాల విడిభాగాలు ఎంత బరువుకు ఎంత వంగుతాయో లెక్కకట్టే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు నా స్క్రీన్ మీద ఒక ఇనుప బ్రాకెట్ వంగడం చూశారు. చాలాసేపు చూసి, "అమ్మా, ఇనుము వంగేది చూపిస్తున్నావు సరే. కంకర కూర్చోవడం చూపించగలవా?" అన్నారు.

కూర్చోవడం. ట్రాక్ మీద పనిచేసేవాళ్ళ మాట అది. బళ్ళు పోయేకొద్దీ స్లీపరు కొద్దికొద్దిగా కిందికి దిగడాన్ని అలా అంటారు. నాన్న ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది: కూర్చున్నచోట లేపడం, ప్యాకింగ్ కొట్టడం (స్లీపరు కిందికి కంకరను గట్టిగా కూరడం), మళ్ళీ కూర్చుంటే మళ్ళీ లేపడం.

నేను రోజూ వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి దీనికి సరిగా కుదరదు. అది వస్తువును ఒకే ముద్దగా చూస్తుంది. కంకర ముద్ద కాదు. ఒక్కో రాయీ విడిగా కదులుతుంది, పక్కదానితో రాసుకుంటుంది, ఒరుగుతుంది, సందు దొరికితే దూరుతుంది. దీనికోసం డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతి ఉంది, పొట్టిగా డీఈఎం అంటారు. పీటర్ కండల్ 1971లో రాతి దిమ్మెల కోసం మొదలుపెట్టి, 1979లో ఓటో స్ట్రాక్‌తో కలిసి రేణువుల కుప్పలకు రాసిన పద్ధతి. సూత్రం చాలా సులువు. రాళ్ళు తగిలిన ప్రతిచోటా బలం ఎంతో కట్టు, ఒక్కో రాయి మీద బలాలన్నీ కూడు, న్యూటన్ సూత్రంతో రాయిని వెంట్రుకవాసి జరుపు, మళ్ళీ మొదటికి రా. బండి కింద గడిచే ఒక్క సెకనును లెక్కకట్టాలంటే లక్షల సార్లు ఇదే.

యేడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. పైథాన్‌లో రాసుకోవచ్చు. ఇంట్లో ఉన్న ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్ మీదే అంతా నడవాలి.

ఆగస్టు 9

కంప్యూటర్‌లో ఒక పెట్టె కట్టి, దాని నిండా రాళ్ళు పోసి, పైన స్లీపరు ముక్క పెట్టి బరువు వేయాలి. దానికి ముందు, కంప్యూటర్‌లోనే రెండే రెండు గోళీలతో మొదలుపెట్టాను. ఒకదాని మీద ఇంకొకటి పెట్టి నొక్కితే ఎంత నొక్కుకుపోవాలో హెర్ట్జ్ 1882లోనే సూత్రం ఇచ్చాడు. నోటుబుక్కులో చేత్తో కట్టిన జవాబు, ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు నాలుగో అంకె దాకా కలిశాయి. తర్వాత ఒక గోళీని వాలు మీద పెట్టి, ఘర్షణ గుణకం 0.5 ఇచ్చి, ఎక్కడ జారడం మొదలవుతుందో చూశాను. దొర్లకుండా కట్టేస్తే 26, 27 డిగ్రీల మధ్య జారాలి, అక్కడే జారింది. ఈ చిన్న పరీక్షలు వదిలేస్తే తర్వాత వచ్చే ఏ తప్పు ఎక్కడిదో తెలియదు.

ఆగస్టు 16

బరువు ఎంత వేయాలి? ఇది నాన్న ఊళ్ళో కూర్చుని, నేను ఇక్కడ కూర్చుని ఫోన్‌లో కట్టిన లెక్క.

బొగ్గు నింపిన వ్యాగన్‌కు ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు తీసుకున్నాను. అంటే సుమారు 225 కిలోన్యూటన్లు. ఒక చక్రం కింద అందులో సగం, 112. ఆ బరువంతా చక్రం కింద ఉన్న ఒక్క స్లీపరే మోయదు. పట్టా వంగి, అటూ ఇటూ ఉన్న స్లీపర్లకు పంచుతుంది. సరిగ్గా చక్రం కింద ఉన్నదాని వంతు నలభై నుంచి యాభై శాతం ఉంటుందని సాధారణంగా తీసుకుంటారు. నేను సగం వేసుకున్నాను: 56. ఒక్కో పట్టా కింద స్లీపరు సుమారు మీటరు పొడవున కంకర మీద ఆనుతుందని అనుకుంటే, నా పెట్టెలో ఉండే 30 సెంటీమీటర్ల ముక్కకు 17 వస్తుంది. వేగం వల్ల, చక్రం అదురు వల్ల ఒకటిన్నర రెట్లు పెంచితే 25 కిలోన్యూటన్లు.

పెట్టె కొలతలు నా సొంతం కావు. 70 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగశాలలో కంకర పరీక్షకు వాడిన పెట్టె ఇది. పట్టా కింద స్లీపరులో ఒక ముక్కను, దాని కింది కంకరను మాత్రం కోసి తెచ్చినట్టు ఉంటుంది. 2005లో లిమ్, మెక్‌డోవెల్ అనే పరిశోధకులు డీఈఎంతో కంకర మీద చేసిన పని కూడా అక్కడిదే. నిజమైన ట్రాక్‌లో పక్కల ఉండేది కంకరే, గోడ కాదు. ఆ తేడా మనసులో పెట్టుకోవాలి.

నాన్న ఒక్కటే అడిగారు. "పెట్టె అడుగున ఏముంది?" గట్టి నేల అన్నాను. "అయితే సగం బాధ తీసేశావు. కట్ట మన్ను మెత్తబడితే పైన ఎంత కంకర పోసినా మింగేస్తుంది." నిజమే. ఈ ప్రాజెక్టులో మట్టి లేదు, కంకర ఒక్కటే. రాసిపెట్టుకుంటున్నాను.

ఆగస్టు 24

40 మిల్లీమీటర్ల గోళీలు సుమారు 1,100. పెట్టెలో 30 సెంటీమీటర్ల ఎత్తుకు నిండాయి. పైన స్లీపరు ముక్క పెట్టి, బరువు వేసి తీసి, వేసి తీసి చూశాను. వేగంగా పోయే గూడ్స్‌లో రెండు మీటర్ల దూరంలో ఉన్న ఇరుసులు సెకనుకు ఎనిమిది దాకా తగులుతాయి. నేను సెకనుకు నాలుగే వేస్తున్నాను, అంటే ఇంకా నిదానంగా పోయే బండి.

మొదటి దెబ్బకే స్లీపరు ఒక పక్కకు ఒరిగి, పదో దెబ్బకు గోళీల మధ్యకు దిగబడిపోయింది. పక్కనున్న గోళీలు పైకి ఉబికాయి. ఘర్షణ 0.5 నుంచి 0.7 చేశాను. పెద్దగా మారలేదు. ఘర్షణ ఎంత పెంచినా గోళీకి జారాల్సిన అవసరమే లేదు, దొర్లితే చాలు.

ఆగస్టు 31

అసలు రాళ్ళు ఎలా ప్రవర్తిస్తాయో తెలియకుండా మోడల్‌ను తిట్టి లాభం లేదు. రైలు కట్ట మీది కంకర తీసుకోవడం నేరం, అది రైల్వే ఆస్తి. అందుకని ఇంటి నిర్మాణ సామాన్ల కొట్లో 40 ఎం.ఎం. జల్లి, అంటే ఇళ్ళకు వాడే కంకర, రెండు బస్తాలు కొన్నాను. మిద్దె మీదికి మోయడానికి కింది ఇంటి అబ్బాయి సాయం చేశాడు.

ఇండియన్ రైల్వే కంకరకు ఒక కొలత ఉంది: 65 మిల్లీమీటర్ల జల్లెడలో అయిదు శాతానికి మించి నిలవకూడదు, 40 జల్లెడ మీద 40 నుంచి 60 శాతం నిలవాలి, మరలో కొట్టిన రాయి అయితే 20 జల్లెడ మీద 98 శాతమైనా నిలవాలి. చిన్న రాళ్ళు, పొడి ఉండకూడదన్నదే దాని సారం. ఖాళీలు ఉంటేనే వాననీళ్ళు దిగిపోతాయి. నేను కొన్నదాంట్లో 65 సైజు రాళ్ళు లేవు. ఉన్నంతలో 20కి తక్కువవి ఏరేశాను.

రాయి ముదురు నీలం, కొన్ని ముక్కల్లో పచ్చటి ఛాయ. చార్నొకైటే అనిపించింది. మద్రాసు చుట్టుపక్కల కొండల రాయి అది. సెయింట్ థామస్ మౌంట్ దాని పుట్టినిల్లు లాంటిది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని పరిశీలించి 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ పేరు పెట్టాడు. ఆ సమాధి రాయి కూడా ఈ ప్రాంతం నుంచి వెళ్ళిందేనట. ఈ రాయిని చేత్తో పట్టుకుంటే కంకరకు ఏం కావాలో అర్థమవుతుంది. ప్రతి అంచూ చర్మానికి గుచ్చుకుంటుంది.

సెప్టెంబరు 6

మిద్దె మీద రెండు పరీక్షలు.

మొదటిది కుప్ప. అడుగు కోసేసిన 20 లీటర్ల పెయింటు డబ్బాను నేల మీద నిలబెట్టి, నిండా జల్లి పోసి, డబ్బాను నిదానంగా పైకి లాగాలి. రాళ్ళు జారి కుప్పగా నిలుస్తాయి. మధ్యలో ఎత్తు 23 సెంటీమీటర్లు, అడుగున వ్యాసం 58. అంటే వాలు 38 డిగ్రీలు. అయిదు సార్లు చేస్తే 36 నుంచి 40 మధ్య వచ్చింది.

రెండోది బకెట్. నిండా జల్లి పోసి, అంచు దాకా నీళ్ళు పోశాను. ఎన్ని నీళ్ళు పట్టాయో అంత ఖాళీ ఉన్నట్టు. ఊరికే పోసిన జల్లిలో 45 శాతం ఖాళీ. అదే బకెట్‌ను చుట్టూ తడుతూ, దిగినప్పుడల్లా పైన రాళ్ళు వేస్తూ నింపితే 41 శాతం. మా అమ్మమ్మ వాళ్ళింట్లో వడ్లు కొలిచేటప్పుడు కుంచాన్ని తట్టకూడదని గొడవపడేవాళ్ళు, తడితే ఎక్కువ గింజలు పడతాయి కాబట్టి. ప్యాకింగ్ చేసేది అదే. ఆ నాలుగు శాతం తేడాలోనే ట్రాక్ నిలబడటం, కూర్చోవడం ఉన్నాయి.

బకెట్ అంచుల దగ్గర రాళ్ళు సరిగా సర్దుకోవు కాబట్టి ఈ శాతాలు కొంచెం ఎక్కువే చూపిస్తాయి. అయినా కంప్యూటర్‌లో కూడా అదే సైజు బకెట్ కట్టి పోల్చవచ్చు. గోళీలతో డబ్బా పరీక్ష కంప్యూటర్‌లో చేస్తే వాలు 24 డిగ్రీలు. మిద్దె మీది 38 ఎక్కడ, ఇది ఎక్కడ.

సెప్టెంబరు 13

గోళీలు దొర్లకుండా అడ్డుపడే ఒక కృత్రిమ నిరోధం వేసుకోవచ్చు. చాలామంది చేసే పనే. ఆ గుణకాన్ని తిప్పుతూ పోతే ఒకచోట కుప్ప వాలు సరిగ్గా 38 డిగ్రీలకు వచ్చింది. చాలా సంతోషం వేసింది.

అదే గుణకంతో పెట్టెలో బరువు వేశాను. మొదటి దెబ్బకు దిగింది తక్కువే. కానీ ఆ తర్వాత ఆగలేదు. యాభై దెబ్బల తర్వాత కూడా ప్రతి దెబ్బకూ దాదాపు అంతే దిగుతూ ఉంది. అసలు ట్రాక్ అలా ఉండదు. మొదట గబగబా దిగి, తర్వాత నెమ్మదిస్తుంది. దొర్లకుండా ఆపడం వేరు, రాయి మూల ఇంకో రాయి సందులో ఇరుక్కోవడం వేరు. కుప్పలో ఆ తేడా కనబడదు, బరువు కింద కనబడుతుంది.

ఒక్క కొలతకు కుదిరిందని మోడల్‌ను నమ్మి ఉంటే ఇక్కడే ఆగిపోయేదాన్ని. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మాటే ఇది. ఇప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

సెప్టెంబరు 27

రెండు వారాలు రాళ్ళ ఆకారాలకే సరిపోయాయి. 24 రాళ్ళు ఏరాను: కొన్ని పలక లాంటివి, కొన్ని పొడుగువి, ఎక్కువ భాగం నాలుగైదు ముఖాలున్నవి. చపాతీ పీట మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, మీద రాయి పెట్టి, పీట తిప్పుతూ ఒక్కోదానికి అరవై ఫోటోలు ఫోన్‌తో తీశాను. పేపర్ మీది అక్షరాల వల్ల సాఫ్ట్‌వేర్‌కు ఏ ఫోటో ఏ కోణం నుంచి తీసిందో తెలుస్తుంది. మెష్‌రూమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాటిని కలిపి రాయి బొమ్మను మూడు కొలతల్లో కట్టి ఇస్తుంది. ఎండలో తీసిన ఫోటోలు పనికిరాలేదు, నీడలు అడ్డం వచ్చాయి. మబ్బు పట్టిన ఉదయం తీసినవి బాగా వచ్చాయి.

ఆ ఆకారాన్ని చిన్నాపెద్దా గోళీలతో నింపి, వాటిని విడిపోకుండా ఒకే వస్తువుగా కట్టేయాలి. దీన్ని క్లంప్ అంటారు. ఒక్కో రాయికి 14 గోళీలు పెట్టాను. మూలల దగ్గర 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గోళీలు. 24 ఆకారాల్లోంచి ఎనిమిది తీసుకుని, సైజులు మారుస్తూ పెట్టె నింపాను.

డబ్బా పరీక్ష: 37 డిగ్రీలు. దొర్లకుండా ఆపే కృత్రిమ నిరోధం లేదు. ఘర్షణ 0.55 ఒక్కటే. అంకెను తిప్పి తెచ్చింది కాదు, ఆకారం నుంచి వచ్చింది.

అక్టోబరు 4

ఈ రోజు రాసేది పెద్ద తప్పు గురించి. ఇలాంటి పనికి దిగే ఎవరికైనా ఇది ముందే తెలిస్తే మంచిది, అందుకే వివరంగా రాస్తున్నాను.

డీఈఎంలో రాళ్ళను ఒక్కసారి జరపడానికి తీసుకునే కాలాన్ని అడుగు అంటాను. ఒక్కో అడుగు ఎంత చిన్నదిగా ఉండాలో రాయే నిర్ణయిస్తుంది. అతి చిన్న గోళీ గుండా శబ్దతరంగం దాటే సమయం కంటే అడుగు చిన్నదిగా ఉండాలి. లేకపోతే లెక్క పేలిపోతుంది, రాళ్ళు తూటాల్లా ఎగిరిపోతాయి. గట్టి రాయికి స్థితిస్థాపక గుణకం (నొక్కితే ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె) 50 గిగాపాస్కల్స్ అనుకుంటే తరంగ వేగం సెకనుకు నాలుగు వేల మీటర్ల పైనే. 5 మిల్లీమీటర్ల గోళీకి అడుగు సెకనులో కోటి భాగాల్లో మూడు నాలుగు భాగాలు. ఒక్క దెబ్బ, అంటే పావు సెకను లెక్కకట్టడానికి ఏడు లక్షల అడుగులు. నా మిషన్ మీద రెండు గంటలు. వంద దెబ్బలకు ఎనిమిది రోజులు.

అందుకని అందరూ రాయిని కొంచెం మెత్తగా చేస్తారు. గుణకాన్ని వంద రెట్లు తగ్గిస్తే అడుగు పది రెట్లు పెద్దదవుతుంది. నేనూ అలాగే 0.5 గిగాపాస్కల్స్ చేశాను. ఒక దెబ్బ పన్నెండు నిమిషాలకు వచ్చింది. ఒక్క రోజులోపే వంద దెబ్బలు! గ్రాఫ్ కూడా అందంగా ఉంది. మొదట గబగబా, తర్వాత నిదానంగా.

ఆ గ్రాఫ్ నాన్నకు పంపాను. ఆయన చూసింది కూర్చున్న లెక్క కాదు. బరువు పడ్డప్పుడు స్లీపరు ఎంత దిగి, బరువు పోగానే ఎంత లేస్తుందో చూశారు. "ఒక్కో చక్రానికి ఆరు మిల్లీమీటర్లు ఊగుతుందా? కింద మన్ను గట్టిది అన్నావుగా. ఇలా ఊగే స్లీపరును నేను చూసి వదిలిపెట్టను."

గంటసేపు ఆ వాక్యం పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాళ్ళు తగిలిన చోట్ల ఎంత లోపలికి నొక్కుకుపోయాయో విడిగా తీసి చూశాను. స్లీపరు కింద బరువు మోస్తున్న చోట్ల దాదాపు 1.4 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళీలో అది 14 శాతం. హెర్ట్జ్ సూత్రం చెల్లేది చాలా చిన్న నొక్కుడుకే. ఇక్కడ రాళ్ళు రబ్బరు బంతుల్లా ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయి. మూలలు ఇరుక్కోవాల్సిన చోట నొక్కుకుని జారిపోతున్నాయి. అందమైన ఆ గ్రాఫ్‌లో ఎంత భాగం నిజమో, ఎంత రబ్బరో చెప్పడానికి లేదు.

ఈ వారం లెక్కలన్నీ పక్కన పడేశాను.

అక్టోబరు 11

దిద్దుబాటు. గుణకం 10 గిగాపాస్కల్స్‌కు పెంచాను. దానికి పోయే సమయాన్ని ఇంకోచోట సంపాదించాలి: క్లంప్‌లో 14 గోళీల బదులు 8, అతి చిన్న గోళీ 5 నుంచి 8 మిల్లీమీటర్లు. కుప్ప పరీక్ష మళ్ళీ చేశాను, 36 డిగ్రీలు. ఒకటి పోయింది, భరించవచ్చు. నొక్కుడు రెండు శాతం లోపుకు వచ్చింది. ఒక దెబ్బ పదిహేడు నిమిషాలు, వంద దెబ్బలు 28 గంటలు. స్లీపరు ఊగడం ఒక మిల్లీమీటరు లోపు.

అక్టోబరు 22

దీపావళికి గూడూరు వచ్చాను, ల్యాప్‌టాప్‌లో ఫలితాలతో. ఇవాళ పొద్దున్నే నాన్నా నేనూ ముందు గదిలో కూర్చుని చూసింది ఇది.

ఒకే పెట్టెను రెండు రకాలుగా నింపాను. ఒకటి ఊరికే పోసింది. రెండోది, పోసేటప్పుడు ఘర్షణను తాత్కాలికంగా 0.1కి తగ్గించి రాళ్ళను దగ్గరగా సర్దుకోనిచ్చి, తర్వాత మళ్ళీ 0.55 చేసింది. తట్టి కొలిచిన కుంచం లాంటిది. ఊరికే పోసింది మొదటి దెబ్బకే 9 మిల్లీమీటర్లు దిగింది. సర్దినది 3.1. ఆ సర్దినదే పది దెబ్బలకు 5.4, వంద దెబ్బలకు 7.6. అంటే మొదటి దెబ్బ నుంచి పదో దెబ్బ దాకా ఎంత దిగిందో, పది నుంచి వంద దాకా కూడా సుమారు అంతే. దెబ్బల సంఖ్య పది రెట్లయితే ఒక మెట్టు. ప్రయోగశాల పరీక్షల్లో కంకర ఇలా లాగరిథమ్ దారిలో కూర్చుంటుందని చదివాను. ఈసారి రబ్బరు లేకుండా అది నా పెట్టెలోంచి వచ్చింది.

నాన్న గ్రాఫ్ కాసేపు చూసి, పలక మీద గీసినట్టు వేలితో గాలిలో గీశారు. "మేం స్లీపరును లెవెల్‌కు లేపం. లెవెల్ కంటే ఇంత పైకి లేపి కొడతాం. మొదటి బళ్ళు దాన్ని దించి లెవెల్‌కు తెస్తాయి. అందుకే ప్యాకింగ్ అయిన చోట కాషన్ ఆర్డర్ పెట్టి, అంటే వేగం తగ్గించమని డ్రైవర్లకు రాసిచ్చి, బళ్ళను మెల్లగా వదులుతాం. రాళ్ళు వాటి సీట్లు అవి వెతుక్కోవాలి కదా."

సీట్లు వెతుక్కోవడం. లెక్కను బొమ్మలుగా చూపించే ప్యారావ్యూ అనే ప్రోగ్రామ్‌లో నేను చూసింది సరిగ్గా అదే. మొదటి పది దెబ్బల్లో స్లీపరు కింది రాళ్ళు ఒక్కోటి కొన్ని డిగ్రీలు తిరుగుతాయి, ఒకటో రెండో మిల్లీమీటర్లు జరుగుతాయి. యాభయ్యో దెబ్బ తర్వాత తిరగడం దాదాపు ఆగిపోతుంది. రాళ్ళ మధ్య బలాన్ని గీతలుగా గీస్తే, ఎక్కువ బరువు కొన్ని రాళ్ళ వరసల గుండానే కిందికి పోతుంది. పక్కనే ఉన్న మరో రాయి దాదాపు ఖాళీగా కూర్చుని ఉంటుంది. అయితే అది పనిలేని రాయి కాదు. మోసే వరస పక్కకు ఒంగకుండా అది ఆనిపెడుతుంది. దాన్ని తీసేసి మళ్ళీ నడిపితే, ఆ వరస కూలి ఇంకోచోట కొత్త వరస పుట్టింది, స్లీపరు మరో మిల్లీమీటరు దిగింది.

చేత్తో బీటర్లు (కంకర కొట్టే ఇనుప పనిముట్లు) పట్టుకుని ప్యాకింగ్ కొట్టిన రోజుల గురించి నాన్న మధ్యాహ్నం దాకా చెప్పారు. పట్టాకు అటూ ఇటూ నిలబడి, స్లీపరు కిందికి ఏటవాలుగా కొట్టడం, పట్టా కింద గట్టిగా, స్లీపరు మధ్యలో వదులుగా. మధ్యలో గట్టిగా కొడితే స్లీపరు నడుము మీద నిలబడి పగులుతుంది. ఇప్పుడు టాంపింగ్ మిషన్ల ఇనుప వేళ్ళు కంకరలోకి దిగి సెకనుకు 35 సార్లు అదురుతూ రాళ్ళను స్లీపరు కిందికి నెడతాయి. ఘర్షణ తగ్గించి నేను చేసిన సర్దుబాటు ఆ అదురుకు మారుగా పెట్టుకున్నదే. అదురుతున్న రాళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు. "అయితే సరిగానే చేశావు" అన్నారు నాన్న. ఆ మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

నవంబరు 8

ఒకే పెట్టె, అవే రాళ్ళు, అదే ఘర్షణ. పోసే క్రమం మాత్రం మార్చి అయిదు సార్లు నడిపాను. వంద దెబ్బలకు కూర్చున్నది: 7.6, 6.2, 9.1, 7.0, 8.3. ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. వెడల్పు 30 సెంటీమీటర్లంటే ఏడెనిమిది రాళ్ళే కదా. ఒక్క పెద్ద రాయి స్లీపరు అంచు కింద పడిందా, సందులో పడిందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

నిజం ట్రాక్ కూడా ఇంతే. పట్టా మీద లెవెల్ చెడటానికి కారణం ట్రాక్ కూర్చోవడం కాదు, ఒక్కో స్లీపరు ఒక్కోలా కూర్చోవడం. అన్నీ సమానంగా 8 మిల్లీమీటర్లు దిగితే ప్రయాణికుడికి తెలియనే తెలియదు. ఇక నుంచి అయిదు సార్లు నడపకుండా ఏ అంకే రాయను.

నవంబరు 22

చెన్నై, గూడూరు మధ్య బండిలో వస్తూ పోతూ అత్తిపట్టు దగ్గర బొగ్గు వ్యాగన్లు చూస్తూ ఉంటాను. బొగ్గు పొడి కంకరలో చేరితే ఏమవుతుందో చూడాలని మొదటి నుంచీ కోరిక.

నేరుగా పొడి పోయడం కుదరదు. పదో వంతు మిల్లీమీటరు ఉండే ఒక బొగ్గు రేణువు, 40 మిల్లీమీటర్ల రాయి: ఒక్క రాయి చోట్లో 6 కోట్ల 40 లక్షల రేణువులు పడతాయి. అందుకని పొడి పని చేసే ఒక్క భాగాన్నే తీసుకున్నాను: తడి బొగ్గు రాళ్ళ మధ్య పూతలా చేరి ఘర్షణ తగ్గిస్తుంది. 0.55 నుంచి 0.3కి తగ్గించి అయిదు సార్లు నడిపాను. కూర్చోవడం సగటున రెట్టింపు దాటింది. గ్రాఫ్ మెట్టు కూడా పెరిగింది, అంటే నెమ్మదించడం ఆలస్యమవుతుంది.

దీన్ని ఎంతవరకు నమ్మాలి? దిశ వరకు నమ్ముతాను, అంకెను నమ్మను. పొడి ఖాళీల్ని నింపి నీళ్ళు ఆపేయడం, అడుగు మన్ను బురదై పైకి ఎగదన్నడం నా పెట్టెలో లేవు. బీసీఎం (బ్యాలస్ట్ క్లీనింగ్ మిషన్) పెట్టి కంకరంతా తవ్వి జల్లించి మళ్ళీ పోసే పని అంత ఖర్చు పెట్టి ఎందుకు చేస్తారో మాత్రం బాగా అర్థమైంది. ఖాళీ కూడా కంకరలో ఒక భాగమే.

డిసెంబరు 3

నాలుగు రోజులుగా వాన. రెండు సార్లు కరెంటు పోయి, 20 గంటల లెక్క మధ్యలో ఆగింది. ఇప్పుడు ప్రతి అయిదు దెబ్బలకూ స్థితిని డిస్క్ మీద దాచే వరస రాశాను. మిద్దె మీది జల్లి తడిసింది, తడి రాళ్ళతో కుప్ప పరీక్ష చేశాను: 37. శుభ్రమైన రాయి తడిసినంత మాత్రాన పట్టు పోదు.

డిసెంబరు 13

నాన్న ఇక్కడికి వచ్చారు. సాయంత్రం వ్యాసర్‌పాడి జీవా స్టేషన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి పట్టాలు చూస్తూ, దూరంగా ఒక స్లీపరును చూపించారు. చుట్టూ రాళ్ళ మీద తెల్లటి పొడి. "అక్కడ లూజ్. స్లీపరు గాలిలో వేలాడుతూ ఉంటుంది. చక్రం రాగానే కిందికి వచ్చి రాళ్ళను కొడుతుంది, రాసుకుని పొడి అవుతుంది. నెల రోజుల్లో పక్క స్లీపరు కూడా పాడవుతుంది."

నా మోడల్‌లో స్లీపరు ఎప్పుడూ కంకర మీద ఆనుకునే ఉంది. కంకర సరిగా ఉన్న ట్రాక్ అది. నాన్న పని మొదలయ్యేది అది లేనిచోట.

ఇంటికి వచ్చి కొత్త ఫైలు తెరిచాను. స్లీపరు కింద 2 మిల్లీమీటర్ల ఖాళీ. బరువు నెమ్మదిగా ఎక్కే బదులు, స్లీపరు ఆ ఖాళీ దాటి వచ్చి రాళ్ళను కొట్టాలి. మూలలు విరగడం ఇప్పటిదాకా వదిలేశాను. ఇక్కడ అది వదలకూడదు, ఆ తెల్ల పొడి వచ్చేది అక్కడి నుంచే. ఒక్కో క్లంప్ మూలన చిన్న గోళీని అతికించి, ఒక హద్దు దాటిన బలం పడితే ఊడిపోయేలా రాస్తున్నాను. చిన్న గోళీలంటే చిన్న అడుగులు, మళ్ళీ గంటలు పెరుగుతాయి. మొదటిసారికి ఇరవై దెబ్బలు చాలు.

రాత్రి పదకొండుకు నడపడం మొదలుపెట్టాను. నాన్న నిద్రపోకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మూడో దెబ్బకు స్లీపరు అంచు కింద రెండు మూలలు ఊడాయి. ఆయన వంగి స్క్రీన్ మీద ఆ చోటు చూపించి, "ఇక్కడే మొదలవుతుంది" అన్నారు.